తమ్ముడు ఆటోలోనే కూర్చున్నాడు

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే తర్వాత తిట్టండి, ఎందుకంటే ఇందులో మొదటి తప్పు నాదే.

పోయినేడాది ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి నందిగామలో మీటింగ్ పెట్టుకున్నాం, గుర్తుందా? హాలు చూసింది నేనే. అద్దె తక్కువని మేడ మీద హాలు మాట్లాడా. మా చెవిటికల్లు నుంచి ఒక ఆటోలో ఏడుగురం బయల్దేరాం. అందులో మా పిన్ని కొడుకు ఒకడు. వాడికి ఇరవై ఏళ్ళు. పుట్టినప్పటి నుంచి సెరిబ్రల్ పాల్సీ ఉంది. ముందు రోజే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. స్కాలర్‌షిప్ గురించి అడగాలని ఒక ప్రశ్న ఫోన్‌లో టైప్ చేసి పెట్టుకున్నాడు. తీరా హాలు దగ్గరికి పోయాక చూస్తే నిలువు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు.

ఎత్తుకుని తీసుకెళ్తాం రా అన్నాం. "వద్దన్నా, అందరి ముందు బస్తాలాగా మోసుకెళ్ళొద్దు, నేనిక్కడే ఉంటా" అన్నాడు. మూడు గంటలు ఆటోలోనే కూర్చున్నాడు. ఆటో అన్న టీ తెచ్చి తాగించాడంట. పైన నేను మైకు పట్టుకుని, మనల్ని ఎవరూ పక్కన పెట్టడానికి వీల్లేదని ఉపన్యాసం ఇచ్చా. మీరంతా చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చేటప్పుడు వాడన్నాడు, "కింద బాక్సు పెట్టారుగా అన్నా, అంతా వినపడింది. బాగా మాట్లాడావ్" అని. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఈ ఏడాది మళ్ళీ ఆగస్టు 9కి హాలు చూడమని గ్రూపులో మెసేజ్ వచ్చింది. అందుకే ఇది రాస్తున్నా. రాసింది వాడికి చదివి వినిపించాకే పెడుతున్నా. పేరు రాయొద్దన్నాడు. రెండు చోట్ల "పాపం" అని రాస్తే ఆ రెండూ కొట్టేయించాడు.

ముందు ఈ సెరిబ్రల్ పాల్సీ అంటే ఏంటో చెప్పుకుందాం. తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటారు. తల్లి కడుపులో ఉన్నప్పుడో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో మెదడులో కదలికల్ని నడిపించే భాగం దెబ్బతింటే వచ్చేది ఇది. నెలలు నిండకుండా పుట్టడం, బరువు మరీ తక్కువ ఉండటం, కాన్పు కష్టమై బిడ్డకి ఊపిరి అందకపోవడం, పసికామెర్లు ముదిరి వైద్యం ఆలస్యం కావడం, మెదడువాపు లాంటివి కారణాలు. ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు. గ్రహణం పట్టలేదు, ఎవరి పాపమూ కాదు, ఎవరి చేతబడీ కాదు. ఈ ముక్క ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, వాడి మొదటి మూడేళ్ళూ మా ఇంట్లో తాయెత్తులకి, మొక్కులకి, నాటువైద్యానికే పోయాయి. మెదడు నేర్చుకునే అసలు వయసు అదే. మెడ నిలపని, సమయానికి బోర్లా పడని, ఒక చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించి ఉంచే బిడ్డని ఎంత తొందరగా డాక్టరుకి చూపిస్తే అంత మంచిది.

ఇంకో విషయం. మెదడుకి తగిలిన దెబ్బ వయసుతోపాటు పెరగదు. కానీ వ్యాయామం, ఫిజియోథెరపీ లేకపోతే కండరాలు బిగుసుకుపోతాయి, కీళ్ళు వంకర్లు పోతాయి. అంటే పదేళ్ళప్పుడు గోడ పట్టుకుని నడిచిన పిల్లాడు ఇరవై ఏళ్ళకి నడవలేకపోతున్నాడంటే, చాలాసార్లు అది జబ్బు ముదరడం కాదు, మధ్యలో మనం వదిలేయడం.

అందరూ అనుకునే పెద్ద పొరపాటు, వీళ్ళకి బుర్ర ఎదగదని. పరిశోధనల్లో తేలిన లెక్క ప్రకారం సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఇద్దరిలో సుమారు ఒకరికే బుద్ధిమాంద్యం ఉంటుంది. ముగ్గురిలో ఒకరు నడవలేరు, అంటే మిగతా ఇద్దరు ఏదో ఒక రకంగా నడుస్తారు. నలుగురిలో ఒకరికి మాట రాదు. మాట ముద్దగా వస్తే, నోట్లోంచి చొంగ కారితే, మెడ పక్కకి లాగితే బుర్ర లేదని మనమే తీర్మానం చేసేస్తున్నాం. మావాడు పదో తరగతి పాసయ్యాడు. క్రికెట్ స్కోర్లు పదేళ్ళ నాటివి కూడా చెప్తాడు. ఈ గ్రూపులో వచ్చే ప్రతి పోస్టూ చదువుతాడు. ఒక్క బొటనవేలితో టైప్ చేస్తాడు కాబట్టి జవాబు రాసేసరికి మీరు ఇంకో టాపిక్‌లోకి వెళ్ళిపోయి ఉంటారు. మైకు నొక్కి మాట్లాడదామంటే వాడి తెలుగు ఫోన్‌కి అర్థం కాదు. అందుకే మీకెవరికీ వాడు ఈ గ్రూపులో ఉన్నట్టే తెలియదు.

వాడి రోజు ఎలా గడుస్తుందో చెప్తా. మా పిన్ని మిరపకోతల కాలంలో, పత్తితీతల కాలంలో తెల్లారకుండానే కూలికి పోవాలి. పోయేలోపు వాడిని లేపి, దొడ్డికి తీసుకెళ్ళి, స్నానం చేయించి, బట్టలు తొడిగి, అన్నం పెట్టాలి. మరుగుదొడ్డి ఉంది, కానీ నేల మీద కూర్చునే రకం, పైగా గుమ్మం ఎత్తు. వాడు గొంతుకు కూర్చోలేడు. మధ్యాహ్నం మళ్ళీ దొడ్డికి పోవాల్సి వస్తుందని పొద్దున నీళ్ళు తాగడం మానేశాడు. ఎండాకాలంలో కూడా. ఇది వైద్యం సమస్యా? కాదు. మేం కూడా ఏళ్ళ తరబడి గమనించలేదు. మొన్న వడ్రంగి మావయ్యతో ఒక ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో బెజ్జం కొట్టించి దొడ్లో పెట్టాం, గోడకి ఒక ఇనప కమ్మీ బిగించాం. ఇప్పుడు వాడు ఎవరి సాయం లేకుండా వెళ్ళొస్తున్నాడు, నీళ్ళు తాగుతున్నాడు. ప్యాంటుకి గుండీలు, జిప్పు తీసేసి ఎలాస్టిక్ వేయించాం. అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెం కొన్నాం, స్పూను పిడికి గుడ్డ చుట్టి లావు చేశాం. అన్నం తనే తింటున్నాడు. కొంచెం ఒలుకుతుంది, ఒలకనీ.

వాడి కాళ్ళు, చేతులు పోయినేడాది ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. మారింది కుర్చీ, కమ్మీ, పళ్ళెం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో వైకల్యాన్ని లెక్కగట్టే పద్ధతినే ఇలా మార్చింది. ఒంట్లో ఏం లోపం ఉందన్నది ఒక్కటే చూడొద్దు, మనిషి తన పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నాడు, నలుగురిలో ఎంతవరకు కలవగలుగుతున్నాడు, చుట్టూ ఉన్న పరిస్థితులు సాయపడుతున్నాయా, అడ్డుపడుతున్నాయా అన్నీ కలిపి చూడమంది. ఆ లెక్కన నందిగామలో ఆ రోజు వాడిని ఆపింది వాడి కాళ్ళు కాదు. నేను మాట్లాడిన హాలు.

ఇప్పుడు మనోళ్ళు అనే మాటలకి వద్దాం. ఇవన్నీ నాకు తెలిసిన నోళ్ళ నుంచి వచ్చినవే, కొన్ని నా నోటి నుంచి కూడా.

మొదటి మాట: "మనకి భూమి సమస్య ఉంది, కుల ధ్రువీకరణ పత్రాల సమస్య ఉంది, హాస్టళ్ళ సమస్య ఉంది. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీలు పోతున్నాయి. వీటి మధ్య ఇదొకటా? ఇలాంటోళ్ళు ఎంతమంది ఉంటారు?"

ఎంతమంది అనేది ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 2.68 కోట్ల మంది వికలాంగులని తేల్చారు గానీ, అందులో సెరిబ్రల్ పాల్సీకి విడిగా గడే లేదు. లెక్కలో లేకపోవడం అంటే ఏంటో మనకి ఒకరు చెప్పాలా? ఇంకా చెప్పాలంటే ఇది మన సమస్యలకి బయట ఉన్నది కాదు. గర్భిణికి సరైన తిండి లేకపోవడం, కాన్పుకి ఆసుపత్రికి చేరడం ఆలస్యం కావడం, పసికామెర్లు వస్తే ఎండలో పడుకోబెట్టి ఊరుకోవడం, ఇవన్నీ పేదరికంతో ముడిపడినవే. మన వాడల్లో, తండాల్లో ఇది మన పేదరికం పిల్లల ఒంటి మీద వేసిన ముద్ర. భూమి కోసం కొట్లాడేవాడు దీన్ని వేరే ఖాతాలో ఎలా రాస్తాడు?

రెండో మాట: "పింఛన్ వస్తోంది కదా, ఇంకేం కావాలి?"

వస్తోంది. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛన్ రూ.6,000 అయింది. మంచి మాటే. ఆ డబ్బు మా పిన్ని ఇంటికి ఎంత ఆసరానో నాకు తెలుసు. కానీ ఒక చేదు నిజం చెప్తా. ఆ పింఛన్ వల్లే కొన్ని ఇళ్ళలో పిల్లల్ని బయటికి పంపడానికి భయపడుతున్నారు. సెంటర్‌లో నాలుగడుగులు వేస్తే ఎవడో ఒకడు చూసి, వీడు బాగానే నడుస్తున్నాడుగా, దొంగ సర్టిఫికెట్టు అంటాడేమోనని. మళ్ళీ వెరిఫికేషన్ అంటే గుండెలు దడదడ. నడక నేర్చుకుంటే కూడు పోతుందనే భయం ఉన్న ఇంట్లో వాడు నడక ఎందుకు నేర్చుకుంటాడు? సర్టిఫికెట్ కొలిచేది లోపం ఎంత శాతం అన్నది. రెండడుగులు వేసినంత మాత్రాన ఆ శాతం పోదు. ఈ సంగతి ఇళ్ళలో కూర్చుని చెప్పేవాళ్ళు కావాలి. అది మనం చేయగలం. పింఛన్ బతకడానికి. స్నేహితులు, చదువు, పని, పెళ్ళిలో భోజనం పంక్తిలో ఒక చోటు, ఇవి పింఛన్‌తో రావు.

మూడో మాట: "మన ఆదివాసీ సమాజంలో తేడాలుండవు, అందరినీ కలుపుకుపోతాం."

మైకులో నేనూ ఇదే అంటా. మరి వాడిని మనం పేరు పెట్టి పిలుస్తున్నామా? అవిటోడు, కుంటోడు, ఒంకరోడు. మా ఊరి పేరులో చెవిటి అని ఉందని కాలేజీలో నన్ను ఏడిపించేవాళ్ళు, ఒళ్ళు మండేది. మన జాతి పేరునే తిట్టుగా వాడితే ఎంత మంటో మనందరికీ తెలుసు. దాని మీద 1989 అట్రాసిటీ చట్టం ఉందని గర్వంగా చెప్పుకుంటాం. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ చదవండి. నలుగురి ముందు వికలాంగుణ్ణి కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా. అట్రాసిటీ చట్టంలో మనల్ని అవమానించినందుకు ఉన్న శిక్షే ఇది, దాదాపు అదే మాటల్లో. మనల్ని కాపాడే చట్టానికి తోబుట్టువు లాంటిది. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని మనమే తొక్కితే ఎలా?

ఆ 2016 చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులోని 21 రకాల వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. 40 శాతం, ఆపైన ఉన్నవాళ్ళకి ఏమేం ఉన్నాయో మనలో చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నా.

6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గరలోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు, వయసులో ఐదేళ్ళ సడలింపు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, అందులో శారీరక వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ లాంటివాటికి కలిపి 1 శాతం. ఇది అడ్డంగా పోయే రిజర్వేషన్, అంటే ఎస్టీ కోటాని తీసేసి ఇచ్చేది కాదు, ఎస్టీ కోటాలో ఉంటూనే దీన్నీ వాడుకోవచ్చు. పరీక్షల సంగతి: సెరిబ్రల్ పాల్సీ ఉన్న అభ్యర్థి అడిగితే రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని 2018 ఆగస్టు కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కూడా చెప్పాయి, అంటే మూడు గంటల పరీక్షకి ఇంకో గంట. మావాడికి పదో తరగతిలో ఇదేదీ ఎవరూ చెప్పలేదు. వంకర అక్షరాలతో రాసి, మధ్యలో టైము అయిపోయి, అయినా పాసయ్యాడు. ఇంటర్‌కి కాలేజీ మేడ మీద క్లాసు. అక్కడ ఆగింది చదువు.

సుప్రీంకోర్టు 2020లో ఆర్యన్ రాజ్ కేసులో ఒక మాట చెప్పింది. వికలాంగులు కూడా సామాజికంగా వెనకబడినవాళ్ళే, కాబట్టి ఎస్సీ, ఎస్టీలకి ఇచ్చే సడలింపులు వాళ్ళకీ ఇవ్వాలని. అంటే కోర్టు మనల్ని, వాళ్ళని పక్కపక్కనే నిలబెట్టి చూసింది. మన పిల్లాడు ఆ రెండు వరుసల్లోనూ ఉన్నాడు. అయినా ఏ వరుసలోనూ వాడి ముఖం కనపడటం లేదు.

మూలన కూర్చోబెట్టకపోతే ఏం చేయగలరో కూడా చూడండి. ముంబైలో మాలినీ చిబ్ అనే ఆవిడ సెరిబ్రల్ పాల్సీతోనే పెద్ద చదువులు చదివి, ఒక్క వేలితో టైప్ చేసి తన జీవితకథ రాశారు, 2010లో పుస్తకంగా వచ్చింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ప్రీతి పాల్ టీ35 విభాగంలో 100 మీటర్లు, 200 మీటర్లు రెండింట్లోనూ కాంస్యాలు తెచ్చింది. కండరాలు ఇలా బిగుసుకునేవాళ్ళకి ఉన్న విభాగమే అది. కోల్‌కతాకి చెందిన జీజా ఘోష్‌ని 2012లో విమానం నుంచి దించేశారు, ఆమె ఒంటి తీరు చూసి. ఆమె ఊరుకోలేదు. నాలుగేళ్ళకి, 2016లో సుప్రీంకోర్టు ఆమెకి పది లక్షల పరిహారం ఇప్పించింది.

అందరూ పతకాలు తేవాలని నేననడం లేదు. మావాడు కూడా ఇది విని, "నాకు పతకం వద్దన్నా, ఇంటర్ చాలు" అన్నాడు. అదీ అసలు మాట. గొప్ప పనులు చేస్తేనే మనిషిగా లెక్కపెడతామంటే అది కూడా ఒక రకం మెట్లే. వాడు ఏమీ సాధించకపోయినా మీటింగ్‌లో కుర్చీ వాడి హక్కు.

ఇంకొకరి గురించి చెప్పకపోతే అన్యాయం. మా పిన్ని. ఇరవై ఏళ్ళుగా ఆమె ఒక్క పెళ్ళికి కూడా రాత్రి ఉండేలా పోలేదు. వాడు ఎదిగాడు, బరువు పెరిగాడు, ఆమె నడుం పోయింది. మన ఇళ్ళలో ఈ పని అంతా అమ్మ మీద, లేకపోతే అక్క మీద పడుతుంది. తమ్ముణ్ణి చూసుకోవడానికి బడి మానేసిన అక్కలు ఎంతమందో మీ ఊళ్ళలో చూడండి. వాడు బయటికి రావడమంటే వాడొక్కడు రావడం కాదు, ఆ ఇంట్లో ఇంకో ఆడమనిషికి కూడా తలుపు తెరుచుకోవడం.

సరే, ఏం చేద్దాం? ప్రభుత్వం చేయాల్సింది చాలా ఉంది, అడుగుదాం. ఆ చట్టం ప్రకారం పాత ప్రభుత్వ భవనాల్ని కూడా రూల్స్ వచ్చిన ఐదేళ్ళలో అందరికీ అనువుగా మార్చాలి. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి. గడువు దాటి ఏళ్ళయింది. మన ఎస్టీ హాస్టళ్ళలో ర్యాంపు, కుర్చీ రకం మరుగుదొడ్డి ఎన్నింట్లో ఉన్నాయో హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఫొటోలు తీసి పంపండి. అర్జీ నేను రాస్తా.

మన చేతిలో ఉన్నవి ఇవి:

ఒకటి. ఇకమీదట మన ఏ మీటింగ్ అయినా కింది అంతస్తులోనే. మేడ మీద హాలు ఊరికే ఇచ్చినా వద్దు.

రెండు. జగ్గయ్యపేట, వత్సవాయి, నందిగామ, కంచికచర్ల వైపు మన వాడల్లో, తండాల్లో ఇలాంటి పిల్లలు, యువకులు ఎవరున్నారో ఇళ్ళకి వెళ్ళి తెలుసుకుందాం. జాబితా గ్రూపులో పెట్టొద్దు, ఫొటోలు అసలే వద్దు. వాళ్ళని అడిగి, వాళ్ళకి ఇష్టమైతేనే.

మూడు. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు లేనివాళ్ళకి సచివాలయంలో స్లాట్ బుక్ చేయించి, క్యాంపు రోజు తోడు వెళ్దాం. కూలి పోగొట్టుకుని అమ్మలు తిరగలేరు. నేషనల్ ట్రస్ట్ కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చులకి కూడా. అది సెరిబ్రల్ పాల్సీ లాంటి నాలుగు రకాలవాళ్ళ కోసమే పెట్టింది.

నాలుగు. బడి వయసు పిల్లలుంటే సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాలకి పంపేలా చూద్దాం. రాలేని పిల్లలకి ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు కూడా ఉంది. అడిగితేనే కదులుతుంది.

ఐదు. పరీక్ష రాసిపెట్టడానికి మనలో ఎవరు సిద్ధంగా ఉన్నారో పేర్లు ఇవ్వండి. డబ్బులు అక్కర్లేదు, ఒక పూట చాలు.

ఆరు. ఇది అన్నిటికంటే కష్టం. వాళ్ళు మాట్లాడేటప్పుడు ఆగడం. వాక్యం మధ్యలో మనం పూర్తి చేయకుండా, అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపకుండా, మళ్ళీ చెప్పు అని అడగడం. అమ్మనో అన్ననో కాకుండా వాడినే అడగడం. నేను కూడా ఇంకా నేర్చుకుంటూనే ఉన్నా.

పోయినేడాది వాడు ఫోన్‌లో రాసి పెట్టుకున్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది. అడిగి తీసుకుని ఇక్కడ పెడుతున్నా: "ఇంటర్ మధ్యలో ఆపేసినోళ్ళు మళ్ళీ ఓపెన్ స్కూల్లో చేరితే ఎస్టీ స్కాలర్‌షిప్ వస్తుందా? రాకపోతే ఎవర్ని అడగాలి?"

తెలిసినవాళ్ళు జవాబు ఇవ్వండి. నాకు కాదు, నేరుగా వాడికే. వాడు ఇక్కడే ఉన్నాడు. జవాబు రాయడానికి కొంచెం టైము తీసుకుంటాడు. ఈసారి ఆగుదాం.

జై ఆదివాసీ.